సూక్ష్మజీవి పట్టిన భాస్వరం - గుత్తరైతు మోసే డీఏపీ మూట

జమ్మలమడుగు నల్లరేగట్లో శెనగ విత్తే అదను వస్తే ఎరువుల అంగడి ముందర నిలబడడం మనకు కొత్తగాదు. 50 కిలోల డీఏపీ మూటలో భాస్వరం లెక్క 23 కిలోలు. ఎకరా శెనగకు 20 కిలోలు చాలునని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు. అంటే మూట కూడా పట్టదు. అయితే వేసిందంతా పైరుకు అందదు. మన రేగడిలో సున్నం జాస్తి. అది భాస్వరాన్ని పట్టి కరగకుండా చేస్తుంది. ఆ పంటకు దక్కేది ఐదో వంతు, అటూ ఇటూ. మిగతాది భూమిలోనే బందీ.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పే ఒక సంగతి వినండి. మన పేగుల్లో బతికే ఇ.కోలై అనే సూక్ష్మజీవికి భాస్వరం కరువొస్తే ఒక ప్రోటీన్‌ను విస్తారంగా తయారు చేసుకుంటుంది. లీటరు నీటిలో గ్రాములో లక్షో వంతు ఫాస్ఫేటు ఉన్నా అది పట్టుకొని లోపలికి అందిస్తుంది. ఆ ప్రోటీన్‌కు మూలమైన జన్యువును కత్తిరించి, చిన్న డీఎన్ఏ వలయంలో అతికించి, ప్రయోగశాలలో పెంచే సూక్ష్మజీవిలోకి ఎక్కిస్తారు. అది పెరిగేకొద్దీ ప్రోటీన్ కుప్పలుగా తయారవుతుంది. దాన్నే క్లోనింగ్ అంటున్నారు. 1994లో లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు దానికి ఒక రంగు తగిలించారు. ఫాస్ఫేటు తగలగానే మెరుస్తుంది. అమెరికాలో మార్కెట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ప్రోటీన్‌ను పూసల మీద అంటించి, నీటిలోని ఫాస్ఫేటును పట్టి, మళ్లీ విడిపించి చూశారు. మురుగునీటి నుంచి ఎరువు తీయాలని వాళ్ల ఆలోచన.

మంచి విద్యే. కానీ ఇది కరిగిన ఫాస్ఫేటును పట్టేదే గాని సున్నంలో చిక్కింది విడిపించేది కాదు. ఆ పని చేసేవి వేరే సూక్ష్మజీవులు. ఆమ్లాలు వదిలి కరిగిస్తాయి. భాస్వరం కరిగించే జీవన ఎరువని అంగట్లో ప్యాకెట్లు అమ్మేది వాటినే. రెండూ ఒకటేనని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

అసలు ముడి ఇంకోచోట ఉంది. ప్రపంచంలోని భాస్వర శిల నిల్వల్లో 70 శాతం దాకా మొరాకో చేతిలో ఉంది. (పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం రాతిలోనూ భాస్వరముంది. అక్కడ తవ్వేది మాత్రం యురేనియం కోసం!) 1992లో డీఏపీ ధర మీద అదుపు ఎత్తేశారు. 2010లో పోషకాల లెక్కన సబ్సిడీ అన్నారు. 2021 మేలో బయట ధరలు మండితే 1,200 రూపాయల మూటకు సబ్సిడీ 500 నుంచి 1,200కు పెంచక తప్పలేదు. తర్వాత మూట 1,350 అయింది. ప్రొద్దుటూరు కాలవ కింద గుత్తకు చేసేవాడికి ఆ భారమంతా తన నెత్తినే. ఎరువు పెరిగిందని కలుపు కూలి బిగబట్టేదీ మన ఆడవాళ్ల దగ్గరే.

2015లో మొదలైన భూసార కార్డు పొలం యజమాని పేరున వస్తుంది. 2019 చట్టం కౌలు కార్డుకు యజమాని సంతకం పెట్టింది. ఎన్నేళ్లుగానో డీఏపీ పోసిన పొలంలో ఎంత భాస్వరం నిలవుందో సేద్యం చేసేవాడికి తెలియకపోతే మూట తగ్గించేదెట్లా? విత్తే ముందే మట్టి పరీక్ష చేసి ఫలితం గుత్తదారు చేతికివ్వాలని రైతు సేవా కేంద్రాల్లో అడగాలి. కూలి సంఘం వాళ్లూ వెంట పోవాలి. జీవన ఎరువు కొనేవాళ్లు గడువు తేదీ చూసుకోండి. అంగడి ముందర ఎండలో పెట్టిన ప్యాకెట్టు తీసుకోవద్దు, అందులో జీవి అప్పటికే చచ్చి ఉంటుంది.