సంతకం ఎవరు పెట్టారు?

"అక్కా, గర్భసంచి కేన్సర్ రాకుండా టీకా ఉందంట కదా. వేయించుకోవాలా వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి."

పోయిన వారం ఒక బాలికల హాస్టల్లో మీటింగ్ అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పిల్ల అందుకుంది. "వద్దే, భద్రాచలం దిక్కు అది వేస్తే పిల్లలు చచ్చిపోయారంట, మా అమ్మమ్మ చెప్పింది."

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. బస్సు టైమైందని వచ్చేశాను. దారి పొడవునా సిగ్గేసింది. అందుకే ఈ భాగం రాస్తున్నా. పొడుగైంది, ఓపికతో చదవండి.

జవాబు ముందే చెప్పేస్తా, చివరిదాకా లాగను. వేయించుకోవాలి. కానీ ఆ అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడం మనకు రాకపోతే, మన పిల్లల్ని ఒకవైపు కంపెనీల చేతుల్లోనో ఇంకోవైపు వాట్సాప్ పుకార్ల చేతుల్లోనో పెట్టినట్టే.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం, ఈ మూడు మండలాల్లో. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మంది. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ, తోడు మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మెర్క్ కంపెనీ గార్డసిల్, ఉచితంగా ఇచ్చింది. అదే సమయంలో గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని. ఖమ్మంలో సూది వేయించుకున్నది ఎవరో వేరే చెప్పాలా? కోయ పిల్లలు, మాల మాదిగ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఉండేవాళ్లు. జూబ్లీహిల్స్ కాన్వెంట్ పిల్లలతో ఎవరూ మొదలుపెట్టలేదు.

దానికి పెట్టిన పేరు చూడండి. 'ప్రదర్శన ప్రాజెక్టు'. ట్రయల్ అంటే చట్టం ఉంది, నైతిక కమిటీ ఉంది, ఒక్కొక్క పిల్ల తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అంగీకారం ఉంది, ఏదైనా జరిగితే చూసుకునే బాధ్యత ఉంది. 'ప్రదర్శన' అంటే ఇవన్నీ సగం సగం. 'ఇది ట్రయల్ కాదు, ఎప్పుడో అనుమతి వచ్చిన టీకా' అని వాళ్లు వాదించారు. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ వాదనను ఒప్పుకోలేదు.

ఆ నివేదికలో ఒక లెక్క ఉంది. విద్యార్థులు దాన్ని బట్టీ పట్టినా తప్పులేదు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 అంగీకార పత్రాలు చూస్తే, 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే పదింట్లో దాదాపు మూడు పత్రాల మీద అమ్మా లేదు, నాన్నా లేడు. వార్డెన్లు సొంతంగా చేసిన పని కూడా కాదది. తల్లిదండ్రుల బదులు మీరు పెట్టేయండని ప్రభుత్వమే సర్క్యులర్ పంపింది.

నాకు ఇది చదివినప్పుడు పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. నేనూ హాస్టల్ పిల్లనే. మా ప్రోగ్రెస్ రిపోర్టు మీద మా నాన్న సంతకం మూడేళ్లపాటు మా వార్డెనే పెట్టింది. చెడ్డ మనిషి కాదు, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది. మా నాన్న కూలి పోగొట్టుకుని రాలేడని ఆమెకు తెలుసు. కానీ ఆ అలవాటు ఉంది చూడండి, 'వీళ్ల అమ్మానాన్నలకేం తెలుసులే, మనమే చేసేద్దాం' అనేది, అది మార్కుల కాగితం దగ్గర ఆగదు. రేపు సూది దాకా వస్తుంది. వచ్చింది కూడా.

వేలిముద్రల సంగతి వేరు. వేలిముద్ర వేసిన తల్లికి చదువు లేకపోవచ్చు, నిర్ణయం తీసుకునే తెలివి లేదని కాదు. పక్కన కూర్చుని ఆమె భాషలో, కోయలోనో మన తెలుగులోనో, ఇదేం మందు, దేనికి, ఏమవ్వొచ్చు, వద్దంటే ఏమవుతుంది అని ఎవరైనా చెప్పారా అన్నదే ప్రశ్న. ఆ ప్రాంతంలో తిరిగిన మహిళా సంఘాలవాళ్లకు తల్లులు చెప్పింది ఒకటే. మాకెవరూ ఏమీ చెప్పలేదు, పిల్లలు సెలవుకొచ్చి చెబితే తెలిసింది అని.

ఇక మరణాలు. మొత్తం ఏడుగురు, ఐదుగురు మన దగ్గర, ఇద్దరు గుజరాత్‌లో. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది, విచారణ కమిటీ వేసింది. ఆ మరణాలకు టీకాకు సంబంధం కనబడలేదని కమిటీ తేల్చింది. ఇది మనం దాచకూడదు. మనకు కోపం ఉంది కదా అని సూదితోనే చచ్చిపోయారని స్టేజీల మీద చెప్పడం తప్పు. నేనూ 2010లో ఒకచోట అలా మాట్లాడాను, ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నా.

కానీ ఆ కమిటీ రాసిన కారణాలు చూడండి. ఒక పిల్ల క్వారీ నీళ్లలో మునిగిపోయింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒక పిల్లను పాము కరిచింది. ఒక పిల్లకు మలేరియా. ఇంకో ఇద్దరి విషయంలో కారణం అంత గట్టిగా తేలలేదు. పదేళ్లు, పన్నెండేళ్లు, పద్నాలుగేళ్ల పిల్లలు! ఇది టీకా దుష్ప్రభావాల జాబితా కాదు, నిజమే. మరి దేని జాబితా? మన వాడల్లో, గూడేల్లో ఆడపిల్లలు దేనితో చచ్చిపోతారో ఆ జాబితా. సంబంధం లేదు అని రాసేసి ఫైలు మూసేశారు. రాష్ట్రాలు అంత వేగంగా సంబంధం లేదని ఎలా తేల్చాయని పార్లమెంటు సంఘం కూడా అడిగింది. నాకైతే ఇంకో ప్రశ్న. 14 వేల మంది పిల్లలకు కేన్సర్ టీకా చల్లగా కాపాడుకుంటూ భద్రాచలం దాకా మోసుకురాగలిగిన వ్యవస్థ, అదే పిల్లలకు మలేరియా మందు, పాముకాటు మందు ఎందుకు అందించలేకపోయింది?

ఇక్కడిదాకా మీలో చాలామందికి తెలిసిందే. ఇప్పుడు చెప్పేది తక్కువమందికి తెలుసు.

ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశమంతా హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నీ ఆగిపోయాయి. వాటిలో ఒకటి అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థది. దానిక్కూడా గేట్స్ ఫౌండేషన్ డబ్బే. వాళ్లు పరీక్షిస్తున్నది మూడు డోసులు కావాలా, రెండు చాలా అని. మధ్యలో ఆపేయడంతో 17 వేలకు పైగా పిల్లల్లో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. కానీ పరిశోధకులు ఆ పిల్లల్ని వదిలేయలేదు. పదేళ్లు వెంట నడిచారు, పెళ్లిళ్లయ్యాక కూడా పరీక్షలు చేశారు. 2021లో ఫలితాలు లాన్సెట్ ఆంకాలజీలో వచ్చాయి. కేన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే 16, 18 రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు 95 శాతం దాకా కాపాడింది. మూడు డోసులు వేసుకున్నవాళ్లతో సమానం. కెన్యాలో చేసిన ట్రయల్ కూడా ఇదే చెప్పింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలంది. ఇవాళ ఎన్నో పేద దేశాలు ఒక్క డోసుతో తమ ఆడపిల్లలందరికీ టీకా వేయగలుగుతున్నాయంటే, ఆ దారి పడింది ఇక్కడే. మన తల్లులు అడ్డం తిరిగితే ఆగిన పనిలోంచి ప్రపంచానికి ఒక మేలు పుట్టింది. ఏ సైన్సు పాఠంలోనూ ఇది ఇలా రాయరు.

మరి ఖమ్మం పిల్లలు? ఒక చోట పదేళ్లు వెతికి వెతికి పరీక్షలు చేశారు. ఇంకో చోట ఆపేసి జీపులెక్కి వెళ్లిపోయారు. నిజంగా మన ఆరోగ్యమే లక్ష్యమైతే, మన పిల్లల్ని కూడా ఇన్నేళ్లూ పట్టించుకునేవాళ్లు కదా.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1999 నుంచి లక్షా ముప్ఫై వేల మందికి పైగా గ్రామీణ స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. కొందరికి రకరకాల స్క్రీనింగ్ పరీక్షలు, ఒక గుంపుకు మాత్రం ఏ పరీక్షా చేయలేదు. 2009లో ఫలితం వచ్చింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో 34 మంది చనిపోతే, పరీక్ష లేని గుంపులో 64 మంది. ముంబై బస్తీల్లోనూ ఇలాంటి అధ్యయనమే జరిగింది. ఎందుకు వాళ్లను పరీక్షించలేదంటే జవాబు, భారతదేశంలో పేద స్త్రీకి అందే మామూలు వైద్యం అదే, అంటే ఏమీ లేకపోవడం, కాబట్టి అది తప్పు కాదు అని. ముందు మనల్ని ఆస్పత్రికి దూరంగా ఉంచడం, ఆ తర్వాత ఆ దూరాన్నే పోలికకు వాడుకోవడం. ఆ పరిశోధన పనికిరానిదని నేను అనను. దానివల్లే పేద దేశాల్లో హెచ్‌పీవీ పరీక్షకు బలం వచ్చింది. ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందో మర్చిపోవద్దంటున్నా, అంతే.

ఈ జబ్బు చరిత్ర మొత్తం ఇలాగే ఉంది. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ ఇదే కేన్సర్‌తో చనిపోయింది. ఆమెకు చెప్పకుండా, అడక్కుండా తీసిన కణాలు ఇవాళ్టికీ ప్రపంచంలోని ల్యాబుల్లో పెరుగుతున్నాయి. ఆ కణాల్లో ఉన్నది హెచ్‌పీవీ 18. ఆ రకాన్ని గుర్తించిన పనికి ఆ కణాలూ అక్కరకొచ్చాయి. ఈ టీకా అడ్డుకునే రకాల్లో అదొకటి.

అయినా వేయించుకోమంటున్నానంటే కారణం ఉంది. మా పెద్దమ్మ. తెల్లబట్ట అవుతోందని రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఆర్‌ఎంపీ బిళ్లలిచ్చాడు. నాట్లకు పోతే కూర్చున్నచోట రక్తం. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ముదిరిపోయింది. చివరి నెలల్లో ఆ వాసనకు సొంత కోడలే గుమ్మం దాటి లోపలికి రాలేదు. అంటరానితనం మాకు కొత్తా? ఇంట్లోనే మళ్లీ చూశాం. మన దేశంలో ఏటా లక్షా పాతిక వేల మంది దాకా ఆడవాళ్లకు ఈ కేన్సర్ వస్తోంది, 75 వేలమందికి పైగా చచ్చిపోతున్నారు. వాళ్లెవరో మనకు తెలుసు. డబ్బున్నవాళ్ల పిల్లలు ఎప్పటినుంచో ప్రైవేటులో వేలు పోసి టీకా వేయించుకుంటున్నారు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ 'కుట్ర' అనడం లేదు. మనం భయపడి వద్దంటే నష్టపోయేది బిల్ గేట్స్ కాదు, మా పెద్దమ్మ మనవరాలు.

సైన్సు మన శత్రువు కాదు. 1897లో పుణేలో ప్లేగు రోగుల్ని మోసుకొచ్చి సేవ చేస్తూ చనిపోయిన సావిత్రిబాయి వారసులం మనం.

2022లో మన దేశంలోనే తయారైన టీకాకు అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. కాబట్టి టీమ్ మీ హాస్టల్‌కు వచ్చిన రోజు ఏం చేయాలో చెబుతా. వార్డెన్ సంతకం చెల్లదనండి. అమ్మకో నాన్నకో ఫోన్ చేయించమనండి, ఆదివారం వచ్చినప్పుడు వాళ్ల ముందే చెప్పించమనండి. కాగితం తెలుగులో ఉందా, కోయ పిల్లలకు కోయలో చెప్పేవాళ్లున్నారా చూడండి. పిల్లను కూడా అడగాలి. పరిశోధనల్లో 12 ఏళ్లు దాటిన పిల్లల నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని ఐసీఎంఆరే 2017 మార్గదర్శకాల్లో రాసుకుంది. పరిశోధనకు ఉన్న మర్యాద ప్రభుత్వ కార్యక్రమానికి ఎందుకు ఉండకూడదు? వేసిన తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డు పిల్ల చేతికివ్వాలి. కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు గోడ మీద రాయాలి. ఇవేవీ పెద్ద కోరికలు కావు. ఒక్క రోజు ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

చివరిగా ఒక పని. 2009లో ఖమ్మంలో ఆ సూది వేయించుకున్న పిల్లలకు ఇప్పుడు ముప్ఫై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ప్రభుత్వ స్క్రీనింగ్ మొదలయ్యే వయసు సరిగ్గా అదే, 30 నుంచి 65. టీకా వేసుకున్నా ఆ పరీక్ష మానకూడదు. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం హాస్టళ్లలో ఆ రోజు లైన్లో నిలబడ్డ అక్కలు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, లేదా మీ వదినో మీ మేనత్త కూతురో ఉంటే, ఇన్‌బాక్స్‌లో రాయండి. పేర్లు బయటపెట్టను. పదిమంది దొరికినా చాలు, వాళ్లను తీసుకుని పీహెచ్‌సీకి పోదాం. నేనూ వస్తా.

జై భీమ్.