ఆడుకూనకు ఇంట చోటు



కుక్క యీనినదని తెలిసిన యింటికి పదిదినములు దాటకమునుపే అడుగువారు వత్తురు. "మగదైన మా కొకటి యుంచుడు" అందురు. ఆడుదానిని కోరువారు అరుదు. మగకూనలు చేతులు మాఱిపోగా మిగిలినవానిని గోనెసంచిలో వేసి, చీకటి పడిన పిదప సంతబయలులోనో కోవెల వెనుకనో విడిచివచ్చుట మన యూళ్లలో నేటికిని కలదు. అట్లు చేయువారందఱును క్రూరులు కారు. దానధర్మములు చేయువారును వారిలో నుందురు. వారి భయ మొక్కటే. ఆడుది యింట నున్నచో ఏటికి రెండుమాఱులు ఎదకు వచ్చును, వీథిలోని మగకుక్కలన్నియు గుమ్మమున చేరును, చూలు నిలిచిన రమారమి 63 దినములకు మరల పిల్లలు. పిల్లి సంగతి యింకను త్వరితము. ఐదాఱు మాసముల కూనయే చూలు దాల్పగలదు.

ఈ భయమునకు మందు శస్త్రచికిత్స. పశువైద్యుడు మత్తుమందిచ్చి ఆడుదానికి అండాశయములను, తఱచుగా గర్భాశయమునుగూడ, మగదానికి వృషణములను తీసివేయును. తల్లియగు భాగ్యమును హరించుట పాపము కాదా యని పెద్దలు అడుగుదురు. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని కోడెలకు విత్తులు కొట్టించి కాడికి కట్టినది మన తాతముత్తాతలే గదా! ఆ కోడెకు మత్తుమందైనను లేదు. ఆదిపర్వములోని సరమ, తన బిడ్డను నిష్కారణముగా కొట్టిరని జనమేజయునంతవానిని నిలదీసినది. సంచిలో కట్టి పాఱవేసినవారిని చూచిన నేమనియుండునో!

ఇక మేలు సంతానము కలుగకుండుటతో ఆగదు. శస్త్రచికిత్స లేని ఆడుకుక్కలకు, విశేషించి వయసు ముదిరినవానికి, ఎద ముగిసిన కొన్ని వారములకు గర్భాశయమున చీముపట్టు వ్యాధి వచ్చుచుండును. వైద్యులు దీనిని పయోమెట్రా యందురు. కుక్క మాటిమాటికి నీరు త్రాగును, అన్నము ముట్టదు, వాంతులు చేసికొనును. చీము వెలికి వచ్చిన మనకు తెలియును. గర్భాశయద్వారము మూసికొన్నచో పైకేమియు కనబడక కడుపు మాత్రము ఉబ్బవచ్చును. అప్పుడు రాత్రికి రాత్రి కోయవలసివచ్చును, ఆలస్యమైన ప్రాణము దక్కదు. ఆరోగ్యముతో నున్న పడుచుదానికి చేయు కోతకును, విషమెక్కిన ముసలిదానికి చేయు కోతకును ఎంత భేదమో యోచింపుడు.

వీథికుక్కలకు ఈ పద్ధతిని 1964లో చెన్నపురియందలి బ్లూక్రాస్ సంఘమువారు ఆరంభించిరి. కేంద్రప్రభుత్వము 2001లో నియమములు చేసెను. వాని స్థానమున 2023లో క్రొత్తవి వచ్చినవి. చెవియంచున గంటు పెట్టిన వీథికుక్క కనబడిన, దానికి శస్త్రచికిత్స యైనదని గుర్తు.

పిల్లికిని చిన్నజాతి కుక్కకును ఆఱవమాసము ప్రాంతమున చేయింపవచ్చును. పెద్దజాతి కుక్కకు ఎముకలు ముదురువఱకు, అనగా ఏడాది దాటువఱకు, ఆగుట మేలని పలువురు వైద్యుల మతము. కావలితనము పోవునను బెంగ వలదు. మొఱుగు కుక్క మొఱుగుచునే యుండును. కుట్లను నాకకుండ మెడకు గరాటువంటి పట్టీ కట్టుదురు, అది చూచి పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. పాపము కోత పడినదని దినదినము నెయ్యన్నము మాత్రము పెట్టకుడు. ఇకమీద దానికి మునుపటికన్న తక్కువ తిండి చాలును; లేనిచో కొవ్వు పట్టును. మగదానికి చేయించిన పిదపను కొన్ని వారములవఱకు బీజము మిగిలియుండును గనుక, అంతవఱకు దానిని ఎదలోనున్న ఆడుదాని దరికి పోనీయరాదు.