పద్మాలను రద్దు చేయొద్దు, సరిదిద్దండి



పద్మ పురస్కారాలు పలుకుబడి ఉన్నవారికే దక్కుతున్నాయి కాబట్టి ఎత్తేయాలన్న పాఠకుడి లేఖకు ఇది నా జవాబు. పైరవీల ఆరోపణను నేనూ కొట్టిపారేయను. కానీ రద్దు దానికి మందు కాదు. 1977లో జనతా ప్రభుత్వం వీటిని ఆపేసింది. 1980లో మళ్లీ మొదలయ్యాయి. ఎంపిక పద్ధతి మారకుండా ఆపినా, ఇచ్చినా ఒరిగేదేమీ లేదు.

అలాగని అన్నీ పలుకుబడికే దక్కలేదు. మా నేత ఇళ్లలో ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. రాత్రికి భుజం పైకి లేవదు. తల్లి పడే ఆ బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది, జీవితమంతా మొక్కలు నాటిన వనజీవి రామయ్యకూ దక్కింది. రద్దు చేస్తే నష్టపోయేది ఇలాంటివాళ్లే; ప్రముఖులకు సన్మానాలకు కొదవ ఉండదు.

కేబినెట్ కార్యదర్శి నేతృత్వంలోని ఎంపిక కమిటీ, ఎవరిని ఎందుకు ఎంచిందో వివరంగా ప్రకటించాలి. అవార్డును పేరుకు ముందూ వెనుకా తగిలించుకోకూడదన్న 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పును కచ్చితంగా అమలు చేయాలి. ఎవరైనా ఆన్‌లైన్‌లో పేర్లు సూచించే వీలుంది కనుక, మన ఊళ్లలోని యోగ్యుల పేర్లు మనమే పంపుదాం.

– చేనేత కుటుంబానికి చెందిన పాఠకురాలు, పోచంపల్లి