చేను బడికి ఫీజు కట్టాలి

సెలవు దొరికితే పల్లెకు వెళ్లి సేంద్రియ సాగులో నాలుగు రోజులు చేయి వేద్దామనుకునే యువత మన నగరాల్లో పెరుగుతోంది. విదేశాల నుంచి విద్యార్థులూ వస్తున్నారు. ఈ ఆలోచనకు యాభై ఏళ్లు దాటాయి. లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్ 1971లో ససెక్స్‌లోని ఒక సేంద్రియ క్షేత్రంలో వారాంతపు పనికి కుదిరింది. ‘వూఫ్’ అనే ప్రపంచవ్యాప్త ఏర్పాటు అక్కడ పుట్టింది. పూటంతా పని చేస్తే తిండి, పడక దొరుకుతాయి. ఎవరూ ఎవరికీ పైసా ఇచ్చేది ఉండదు.

మనుషులు కరువైన ఇంగ్లండ్ పొలాల్లో ఆ ఒప్పందం సబబే. దాన్నే మన మెట్ట ఊళ్లకు తేవడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఇక్కడ కలుపు తీయడమంటే ఒక ఆడమనిషికి ఆ రోజు కూలి. అతిథి ఆ పని ఊరికే చేసిపెడితే సంతలో ఉప్పూ పప్పూ కొనాల్సిన మనిషి ఇంట్లో కూర్చుంటుంది. నాట్లప్పుడు కూలీలు దొరకడం లేదని రైతులు అంటున్నది నిజమే. తెలంగాణ వరి మడులకు బిహార్ నుంచీ బెంగాల్ నుంచీ మనుషులు వచ్చి నాట్లు వేస్తున్నారు. కానీ వాళ్లు గంటలో వేసే నాటు మన అతిథికి రోజంతా పడుతుంది, ఆపైన నడుం నొప్పి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లను చూస్తే ఎవరు ఎవరికి సాయం చేయాలో తేలిపోతుంది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి పేద దళిత మహిళలను సంఘాలుగా కూడగట్టింది. ఆ మహిళలు బీళ్లను సాగులోకి తెచ్చారు. రేషన్ బియ్యం మీదే ఆధారపడకుండా తమ జొన్నలతో తమ ఊరికి తామే ధాన్య నిధి పెట్టుకున్నారు. 2008లో మాచనూర్‌లో సొంత రేడియో మొదలుపెట్టారు, కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సొసైటీకి దక్కింది. సొసైటీ స్థాపకుల్లో ఒకరైన, 2023లో కన్నుమూసిన పి.వి. సతీష్ ఈ పనికి జీవితమంతా పెట్టారు. అయినా విత్తనం గురించి చెప్పాల్సి వస్తే ఆయన ఆ మహిళల్నే ముందు నిలబెట్టేవారు.

వాళ్ల చేను చూడాలి. ఒకే చెలకలో జొన్న, కొర్ర, సజ్జ, కంది, అనుము, పెసర, నువ్వు, పుంటికూర కలిసి పెరుగుతాయి. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. కంది వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి, జొన్న చొప్ప పశువుల కడుపు నింపుతుంది. ఎవరూ విత్తకుండానే మొలిచే తుమ్మికూర, గునుగుకూర, పొన్నగంటికూర సాళ్ల మధ్యనే ఉంటాయి. కొత్తగా వెళ్లినవారు ఉత్సాహంగా కలుపనుకొని పీకేసేది వీటినే. ఆ రాత్రి ఆ ఇంటి కూర అదే.

విత్తనాలను బూడిద కలిపి, వేపాకు వేసి బుట్టల్లో దాస్తారు. ఏ గింజ ఏ నేలకు, ఏ కార్తెలో అన్నది వాళ్లకు నోటిమీదే ఉంటుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇదే చదువుకు ఫీజు కడతాం. ఇక్కడ మాత్రం నేర్చుకుంటూనే సేవ చేశామని చెప్పుకుంటాం. నన్ను బాధపెట్టేది ఇదే. నేర్పిన మనిషికి రోజు కూలి కంటే తక్కువ కాకుండా ఫీజు ముట్టాలి. ఎంతన్నది సంఘమే తేల్చాలి.

జపాన్‌లో ప్రకృతి సేద్యం చేసిన ఫుకుఓకా కొండతోటకు వచ్చిన యువకులు మట్టి గుడిసెల్లో నెలలు, ఏళ్ల తరబడి ఉండి ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆరోవిల్ శివార్లలో 2003లో మొదలైన సాధనా ఫారెస్ట్ దారి వేరు. అక్కడ స్వచ్ఛంద సేవకులు బీడు నేలపై గట్లు పోసి నీళ్లు ఆపుతారు, చెట్లు నాటి పాత అడవిని తిరిగి తెస్తున్నారు. అలాంటిచోట అతిథి చేతులకు పని ఉంది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. మృగశిరలో వాన పడితే ఇక్కడ విత్తేదీ, ఆ వెనకే కలుపు తీసేదీ ఆ నెలల్లోనే. వాళ్లను ఈ మహిళల చేలకు పంపండి. తెలుగులో అడిగి తెలుసుకోగలిగేలా పంపండి, లేకపోతే ఆ మహిళ చెప్పేదాంట్లో సగం దుబాసీ దగ్గరే ఆగిపోతుంది. వారం కాదు, కనీసం నెల ఉండనివ్వండి. తిరిగొచ్చాక ఆ కొర్రలు, ఆ కందిపప్పు ఏటా అక్కడినుంచే కొనండి. ఆ రైతులకు పని చేసే చేతుల కంటే గిట్టుబాటు ధరే కరువు. నేల కూడా కరువయ్యేలా ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి పేరుతో 12 వేల ఎకరాలకు పైగా సేకరించాలని ప్రభుత్వం పెట్టుకుంది. అందులో చిరుధాన్యాలు పండే చేలూ ఉన్నాయి. అక్కడ నెల రోజులు తిండి తిన్నవారు ఆ విషయంలోనూ నోరు విప్పాలి.

ఈ జహీరాబాద్ ఊళ్లలోనే సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతాయి. మొదటిసారి వెళ్లేవారికి అదే మంచి సమయం. అప్పుడు చూసి, మాట్లాడి, విత్తే కాలానికి ఎవరి చేనుకు రావాలో అక్కడే అడిగి పెట్టుకోవచ్చు.