బాసూన్ పాడుతుంది

బాసూన్ అనగానే ఆర్కెస్ట్రాలో నవ్వు పుట్టించే గొంతుక అనుకుంటారు. అది అన్యాయం. దాదాపు రెండున్నర మీటర్ల గొట్టాన్ని మడిచి చేసిన ఈ వాయిద్యానికీ మన నాదస్వరానికి లాగే జంట రెల్లు పీక. పియానో తోడుగా వింటే దాని విషాదం తెలుస్తుంది.

స్వరకర్త సాంసాన్స్ 86 ఏళ్ల వయసులో కన్నుమూసిన 1921లోనే, మంచి రచనలు అంతగా దక్కని ఓబో, క్లారినెట్, బాసూన్‌లకు తలా ఒక సొనాటా రాశాడు. బాసూన్ సొనాటాలో రెండో భాగం గంతులేస్తుంది. మూడోది ఎంతో నిదానంగా, ఊపిరికి పరీక్షపెడుతూ మొదలవుతుంది. రొమాంటిక్ యుగపు చివరి వెలుగు అందులో ఉందని మా నమ్మకం. తర్వాతి స్వరకర్తల్లో హిండెమిట్ 1938లో, పారిస్ కన్సర్వేటరీ పరీక్షల కోసం ద్యుతియ్యూ 1942లో ఈ బాసూన్-పియానో జంటకు కొత్త భాష ఇచ్చారు.

ఈ సంచిక తెరిచే ముందు, సాంసాన్స్ సొనాటాలోని ఆ మూడో భాగం ఒక్కసారి వినండి.