చూడకుండా కొన్న మొక్క

సంతలో వంకాయలు కొనేవారు సైతం వాటిని చేతిలోకి తీసుకొని, పుచ్చు లేదని తేల్చుకొన్న తరువాతనే తక్కెడలో వేయిస్తారు. అటువంటిది, ప్రాణమున్న మొక్కను కంటితో చూడకుండా, ఒక ఛాయాచిత్రాన్ని నమ్మి, ముందుగానే సొమ్ము చెల్లించి కొనే రోజులు వచ్చాయి. సిక్కిం, కాలింపాంగ్, కేరళ ప్రాంతాల నర్సరీలు అంతర్జాలం ద్వారా విజయవాడకూ, వరంగల్లుకూ ఆర్కిడ్ మొక్కలను పంపుతున్నాయి. ఒకప్పుడు సంపన్నుల గాజు గృహాలకే పరిమితమైన పూలు నేడు మధ్యతరగతి ఇళ్ళ వసారాల్లో పూస్తున్నాయంటే అది ఈ వ్యాపారం చేసిన మేలే. అయితే పెట్టె విప్పిన నాటి సంతోషం పువ్వు పూసే దాకా ఎందరికి నిలుస్తోందన్నది ఆలోచించవలసిన విషయం.

చూడకుండా కొనడం ఆర్కిడ్ల చరిత్రలో కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో లండన్ వేలంశాలల్లో ఉష్ణదేశాల నుండి ఓడలో వచ్చిన ఎండు మొక్కలను, ఏ రంగు పువ్వు పూస్తుందో తెలియకుండానే, పోటీపడి కొనేవారు. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ 1850లో ఖాసీ కొండల్లో ఏడుగురు మోయగలిగినన్ని నీలి వాండా మొక్కలను క్యూ ఉద్యానవనం కోసం సేకరించాడు. వాటిలో ప్రాణంతో ఇంగ్లండు చేరినవి కొద్దిమాత్రమే. నాటి ప్రయాణం నెలల తరబడి సాగేది. నేటి పార్సిలు కొద్దిరోజుల్లో ఇల్లు చేరుతుంది. ప్రయాణకాలం తగ్గినంతగా కొనేవారి అజ్ఞానం తగ్గలేదు.

కొనుగోలుదారుల ఫిర్యాదుల్లో తరచుగా వినిపించేది పరిమాణం గురించి. చిత్రంలో గుత్తులుగా వేలాడే పూలుంటాయి. పెట్టెలో వేలెడంత నారు ఉంటుంది. ప్రయోగశాల సీసా నుండి వెలుపలికి వచ్చిన డెండ్రోబియం, ఫలనాప్సిస్ నారు పూతకు రావడానికి సాధారణంగా రెండు మూడేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది. పువ్వు బొమ్మ చూపడం తప్పు కాదు. మొక్క వయసును కనీకనిపించని అక్షరాల్లో దాచడమే తప్పు. అది తూకంలో చేసే మోసానికి ఏమాత్రం తీసిపోదు.

సింబిడియం కథ మరొక విధమైనది. పెద్ద పూల సింబిడియం రకాలు పూమొగ్గ తొడగాలంటే రాత్రివేళ చల్లదనం కావాలి. ఖమ్మం వంటి ఊళ్ళలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి రాత్రులు కూడా ఆ మొక్కకు చాలినంత చల్లబడవు. తెప్పించుకొన్న మొక్క చావదు. ఆకులు వేస్తుంది, గుబురుగా ఎదుగుతుంది, కాని పూయదు. కొన్నవారు తమ చేతివాటం మంచిది కాదనుకొంటారు. నిజానికి పార్సిలుపై చిరునామా రాసిన నర్సరీకి ఆ మొక్క ఏ ఊరికి పోతున్నదో తెలుసు. ఈ నేలకు ఇది తగదని ఒక్క మాట చెబితే అమ్మకం పోతుందన్న భయమే ఆ మౌనానికి కారణం.

ఇక విత్తనాల వ్యాపారం. ఆర్కిడ్ విత్తనం ధూళికణమంత ఉంటుంది. ఒక్క కాయలోనే లక్షల కొద్దీ విత్తనాలు ఉండవచ్చు. వరిగింజలో వలె మొలకకు తోడుగా ఆహారం అందులో నిలువ ఉండదు. ప్రకృతిలో ఒక జాతి శిలీంధ్రం తోడ్పడితేనే అది మొలకెత్తుతుంది. ఈ సంగతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ 1899లో గుర్తించాడు. శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన పోషక పదార్థంపై మొలిపించవచ్చని 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్‌సన్ నిరూపించాడు. ఆ పనికి క్రిమిరహితమైన సీసా, ప్రయోగశాల కావాలి. పెరటి మట్టిలో చల్లితే కోతి ముఖం పూలు పూస్తాయంటూ పొట్లాల్లో విత్తనాలు అమ్మడం పచ్చి మోసం. పొట్లంలో నిజంగా ఆర్కిడ్ విత్తనమే ఉన్నా ఫలితం అంతే. మొలవని విత్తనానికి పిల్లలు నెలల తరబడి నీళ్ళు పోసి, చివరకు మొక్కల పెంపకం మీదనే విసుగు చెందుతారు. ఆ నష్టం పొట్లం ధరలో లెక్కకు రాదు.

వీటన్నింటికన్న ఘోరమైనది అడవి నుండి పెరికి తెచ్చిన మొక్కల అమ్మకం. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లను రక్షిత మొక్కల జాబితాలో చేర్చారు. చెట్టు బెరడు అంటుకొని తెగిన వేళ్ళు, పురుగు తిన్న ముదురు ఆకులు, వాటిపై పాచి మచ్చలు కనిపిస్తే ఆ మొక్క నర్సరీలో పుట్టినది కాకపోవచ్చునని అనుమానించాలి. చౌకగా వచ్చిందని మురిసే కొనుగోలుదారునికి తాను ఒక కొండను బోడి చేయడంలో పాలు పంచుకొంటున్నానన్న స్పృహ ఉండదు. ధర ఎందుకు అంత తక్కువగా ఉన్నదో అడిగేవారు లేనంతవరకు ఈ దోపిడీ ఆగదు.

నేరమంతా అమ్మేవారిదేనంటే అది కూడా అన్యాయమే. చెట్టుమీద పెరిగే మొక్కలన్నింటినీ బదనికలనే అలవాటు తెలుగునాట ఉంది. ఆర్కిడ్ చెట్టును పట్టుకొని నిలుస్తుందే గాని దాని రసం పీల్చదు; గాలిలోని తేమను, వాననీటిని తన తెల్లని వేళ్ళతో గ్రహిస్తుంది. అటువంటి దానిని బంకమట్టిలో పాతి, రెండు పూటలా నీరు పోసి కుళ్ళబెట్టి, నర్సరీ చచ్చిన మొక్కను పంపిందని నిందించేవారు ఎందరో ఉన్నారు. పెట్టె విప్పగానే ఎండలో ఉంచడం, ఆనాడే ఎరువు వేయడం మరికొందరి ఆత్రుత. బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, కొబ్బరి పీచు నింపిన కుండీలో నీడన ఉంచి, వేరు కొస పచ్చబడేదాకా ఓపిక పడితే చాలావరకు తేరుకొంటుంది.

చట్టం కొనుగోలుదారుని పక్షాన లేకపోలేదు. వర్ణించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేసే సౌకర్యమూ ఉంది. కాని ఆర్కిడ్ విషయంలో ఒక చిక్కు ఉంది. కుళ్ళిన మొక్క సంగతి పెట్టె విప్పిన నాడే తెలుస్తుంది. పేరు తప్పిన మొక్క సంగతి పువ్వు పూసిన నాడు గాని తెలియదు. ఊదా రంగని కొన్న మొక్క మూడేళ్ళకు తెల్లగా పూస్తే, వారం రోజుల వాపసు గడువు ఎవరికి ఉపయోగం? కనుక ఆర్కిడ్ అమ్మేవారు పేరు తప్పిన మొక్కకు బదులు మొక్క ఇచ్చే బాధ్యతను మొదటి పూత దాకా స్వీకరించడమే న్యాయం. పంపబోయే మొక్కనే చిత్రం తీసి ముందుగా చూపే నర్సరీలు, ఎండలు ముదిరాక మే నెలలో పార్సిళ్ళు పంపబోమని స్పష్టంగా చెప్పే నర్సరీలు ఉన్నాయి. వాటి మొక్కలకు ధర కొంత ఎక్కువే ఉంటుంది.