వ్రాత వేరు, పలుకు వేరు

విజయవాడనుండి చెన్నపట్టణము పోవు రైలుమార్గమున తెనాలి దాటిన పిమ్మట బాపట్ల వచ్చును. తెనాలివద్ద చీలిన శాఖ రేపల్లెకు పోవును. ఈ మూడు స్టేషనుల పలకలమీది ఆంగ్లాక్షరములను మీరెన్నడైనను పరికించితిరా? తెనాలిలోని తకారమునకును, బాపట్లలోని టకారమునకును ఒకే 'టీ' అక్షరము. రేపల్లెలో మొదటి ఏత్వము దీర్ఘము, చివరి ఎత్వము హ్రస్వము. రెంటికిని 'ఈ' అక్షరమే. ఆ పేర్లు చెవిని పడినవి గనుక మనము తడబడము. ఎరుగనివాడు 'టెనాలి' అనినచో తప్పు అతనిది కాదు.

ఆంగ్లము చదువునప్పుడు మన పిల్లల స్థితియు ఇట్టిదే. నా చదువుకాలమున రేపల్లె బండిలో వచ్చు మిత్రుడొకడు ఎడారి అను అర్థము గల 'డెజర్ట్'ను 'డిజర్ట్' అని చదివెను. అది భోజనానంతరము తిను తీపివంటకము పేరు. తరగతి యంతయు గొల్లుమనెను, ఉపాధ్యాయుడును నవ్వెను. ఆ సంవత్సరమున అతడు మరల పైకి చదువలేదు. విచిత్రమేమనగా, ఎడారికి వ్రాయు అక్షరములతోనే 'విడిచిపోవు' అను క్రియను వ్రాసి, దానిని 'డిజర్ట్' అనియే పలుకుదురు!

మన ఛందస్సులో గురులఘువులు కాలమును కొలుచును. ఆంగ్లమున మాటను ఊపునకొక భాగముగా విడదీసి, ఒకదానిని ఒత్తి, తక్కినవానిని తేలికగా విడుతురు. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి భాగముపై, 'ఫొటోగ్రఫీ'లో రెండవదానిపై, 'ఫోటోగ్రాఫిక్'లో మూడవదానిపై నుండును. మన మాటలు ప్రాయికముగా అచ్చుతో ముగియును గనుక ఒక్క ఊపున పలుకవలసిన 'బస్' మన నోట రెండు భాగముల 'బస్సు' అగుచున్నది. 'స్పోర్ట్' నడుమ ఒక అచ్చు చొరబడినచో 'సపోర్ట్' అగును. ఆట కాస్తా ఆసరా యగును.

మనకు కలిమియు గలదు. ఓడ 'షిప్', గొఱ్ఱె 'షీప్'. హ్రస్వదీర్ఘములెరిగిన మనకు ఇవి కష్టము కావు. 'బ్యాట్'లోని అచ్చునకు మన లిపిలో అక్షరము లేదు. కాని మన ప్రాంతమువారు 'వచ్చాడు' అనునప్పుడు నడుమ పలుకునది దాదాపు ఆ ధ్వనియే. నోటనున్నదానిని చూపక లేదని బెదరించుట ఏల? నిజముగా కష్టమైనది వకారము. పడమరయు 'వెస్ట్', లోచొక్కాయు 'వెస్ట్'. మొదటిదానికి పెదవులు గుండ్రముగా చుట్టవలెను. రెండవదానికి పైపండ్లు క్రిందిపెదవిని తాకవలెను.

ఆంగ్లేయునివలె పలుకనేల అని కొందరందురు. నిజమే, యాస మనదే యుండవచ్చును. వినువానికి మాట మారిపోకుండిన చాలును. అందులకై వర్ణక్రమము వల్లింపజేయుటకు ముందు మాటను వినిపించి, దాని భాగములను బల్లపై చేతితో తట్టింపవలెనని నా అభిప్రాయము. పిల్లవాడు తడబడినచోట "ఎన్ని భాగములు వినబడినవి నాయనా? ఏది బరువుగా నున్నది?" అని అడుగవలెను. నా మిత్రుని ఆనాడు ఎవరును అట్లు అడుగలేదు.